సెల్ఫ్ మోటారు జోలికి పోకముందు

తెనాలి,
ఆదివారం.

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజి మీ అత్త వినిపించింది. ఫోను చేస్తే నువ్వు ఊఁ కొడుతూ ఇంకో పని చూసుకుంటావు, అందుకే కాగితం తీశాను. చదివి సీటు కింద టూల్ కిట్‌లో పెట్టుకో.

పల్సర్ సెల్ఫ్ పోయిందనీ, మెకానిక్ మోటారు మార్చాలన్నాడనీ నువ్వన్నావు. నువ్వు దాన్ని వచ్చినకాడికి అమ్మేసి కిస్తీల మీద కొత్త బండి తీస్తావట అని మీ అమ్మ అంది. అమ్ముకుంటే అమ్ముకో, నీకిచ్చేశాక అది నీ బండి. 2007 మోడలుకి ఎవరు మాత్రం ఏం ఇస్తారు గాని, అది నీ ఇష్టం. మంచి మోటారుని మాత్రం పోయిందని విప్పి పారేస్తామంటే నాకు నిద్ర పట్టదు. ఇన్నేళ్ళు బస్సు డిపోలో సెల్ఫులూ డైనమోలూ విప్పి బిగించినవాడి మేనల్లుడివి, ఎవరో నొక్కి చూడకుండా చెప్పిన మాటకి తలూపి వచ్చావా?

సరే, ముందు కాలు సంగతి. లిగమెంటు ఆపరేషనయిన మోకాలితో కిక్కు కొట్టావంటే మర్యాదగా ఉండదు. స్నేహితుడు వెనక నుంచి తోస్తే రెండో గేరులో క్లచ్ వదిలి లేపుతున్నానని గొప్పగా చెప్పావు. ఇంజిన్ పట్టగానే బండి ముందుకి గుంజుతుంది, అప్పుడు నేల మీద ఆనేది ఏ కాలు? బాగయ్యేదాకా మెట్రోలో పో.

మీ తాతయ్య బుల్లెట్ నీకు గుర్తుండదు. దానికి సెల్ఫూ లేదు గిల్ఫూ లేదు, ఉన్నదల్లా వరస. తాళం తిప్పి, కిక్ రాడ్డుని మెల్లగా అదుముతూ హెడ్‌లైటు మీది అమ్మీటరు ముల్లు చూడాలి. ముల్లు నడిమికొచ్చి ఆగిందంటే పాయింట్లు విడిపోయాయని, పిస్టన్ పైకి చేరబోతోందని. అప్పుడు డీకంప్రెసర్ లివరు లాగి రాడ్డుని ఇంకాస్త కిందికి జార్చి, లివరు వదిలి, రాడ్డుని పైదాకా రానిచ్చి, అప్పుడు తన్నాలి. వరస తప్పితే అదే ఎదురు తన్నేది. మా వీధిలో ఒకాయన సంక్రాంతి నాడు కొత్త బట్టలు కట్టుకుని అత్తారింటికి బయల్దేరి, వీధి చివర నుంచే తిరిగొచ్చి కాలికి పిండికట్టు వేయించుకున్నాడు. పండగ అరిసెలన్నీ మంచం మీదే తిన్నాడు. నీ పల్సర్ అంత మొండిది కాదు, ఒప్పుకుంటాను. నీ మోకాలు కూడా అప్పట్లో ఆయన కాలంత గట్టిది కాదు.

ఇక జబ్బు సంగతి. నువ్వు చెప్పినవన్నీ గుర్తు పెట్టుకున్నాను. బటన్ నొక్కితే 'టక్' మంటుంది, తిరగదు. ఒక్కోసారి నాలుగో నొక్కుకో ఐదో నొక్కుకో బద్ధకంగా తిరుగుతుంది. బ్యాటరీ వేసి ఏడాది కాలేదు. హారన్ గట్టిగా మోగుతోంది కాబట్టి బ్యాటరీ, వైరింగూ బాగున్నట్టే అని నీ వాదన.

సెల్ఫ్ చేసే చప్పుడు బట్టి సగం జబ్బు తెలుస్తుంది. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, కిల్ స్విచ్చు, సెల్ఫ్ బటన్ చూడాలి. న్యూట్రల్లో పని చేసి, గేరులో క్లచ్ పట్టుకున్నా పలక్కపోతే క్లచ్ లివరు కింద ఉండే బుల్లి స్విచ్చు. 'టకటకటకటక' అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో సత్తువ లేదు, రిలే పట్టుకోలేక వదిలేస్తోంది. మోటారు 'ర్ర్ర్' మని ఖాళీగా తిరిగి ఇంజిన్ కదలకపోతే లోపల వన్ వే క్లచ్ జారుతోంది. అది ఇంజిన్ కవరు విప్పే పని, నీవల్ల కాదు. నీది వీటిలో ఏదీ కాదు. ఒకే ఒక్క 'టక్'. అంటే రిలే తన పని తను చేస్తోంది, దాని తర్వాత మోటారుకి చాలినంత కరెంటు అందడం లేదు, లేదా అందినా మోటారు తిరగడం లేదు.

హారన్ మాట నమ్మకు. హారన్ తాగేది రెండు మూడు ఆంపియర్లు. సెల్ఫ్ మోటారు ఇంజిన్ని కదిలించడానికి 50 దాకా లాగుతుంది. దారిలో ఎక్కడైనా ఓములో 50వ వంతు అడ్డు ఉందనుకో, హారన్‌కి దాని సంగతే తెలియదు. 50 ఆంపియర్ల దగ్గర మాత్రం ఒక పూర్తి వోల్టు అక్కడే వేడయి పోతుంది. అలాంటి అడ్డులు రెండు మూడు కలిస్తే మోటారుకి చాలినంత మిగలదు.

ఆ అడ్డు ఎక్కడుందో నాకు ఇక్కడి నుంచే తెలుసు. ఎర్త్‌లో ఉంది.

నవ్వకు. ఈ మామయ్యకి ఎర్త్ పిచ్చి అని మీరంతా వెనకాల అనుకోవడం నాకు తెలియదా? దసరాకి బండి మొత్తం విప్పించి, ఛాసిస్ నుంచి ఇంజిన్ దాకా నిగనిగలాడే నల్లరంగు కొట్టించి ఫోటో పంపావు. చాలా బాగుంది, మీ అత్త కూడా మెచ్చుకుంది. సెల్ఫ్ గోల ఎప్పటినుంచి అని నేనడగలేదు, నువ్వే అన్నావు, దీపావళి నుంచి అని. సెల్ఫ్ మోటారుకి బయట కనిపించే లావు వైరు ఒక్కటే. అది రిలే నుంచి వచ్చే ప్లస్సు. మరి మైనస్సు ఏది? మోటారు ఒళ్ళే మైనస్సు. అక్కడి నుంచి ఇంజిన్, ఇంజిన్ నుంచి బోల్టు, బోల్టు కింద బిగించిన నల్ల వైరు, అది పట్టుకుని బ్యాటరీకి. వచ్చిన కరెంటంతా ఆ దారినే వెనక్కి పోవాలి. రంగు కొట్టినవాడు ఆ బోల్టు చుట్టూ కూడా అందంగా కొట్టి, ఆరాక దాని మీదే వైరు బిగించాడు. లోహానికీ వైరుకీ మధ్య రంగు. ఆ కుర్రాణ్ణి తిట్టకు, రంగు కొట్టమన్నావు, కొట్టాడు.

డిపోలో నేను చేరిన కొత్తల్లో ఒక బస్సు ఉండేది. తెల్లవారుజాము సర్వీసు. చలికాలం వస్తే కండక్టరూ, ఎక్కిన పాసింజర్లూ దిగి తోయాల్సిందే. తోసి ఎక్కినవాళ్ళని టిక్కెట్టు అడగడానికి కండక్టరు మొహమాటపడేవాడు. డ్రైవరు దాన్ని ఎక్కడ ఆపినా వాలు చూసుకుని ఆపేవాడు. సెల్ఫ్ మార్చారు, బ్యాటరీలు రెండూ మార్చారు, మళ్ళీ సెల్ఫ్ మార్చారు. చివరికి మా పెద్ద మేస్త్రీ వచ్చాడు. కళ్ళజోడుకి ఒక పక్క దారం కట్టుకునేవాడు, చెవులు మాత్రం పాము చెవులు. సెల్ఫ్ వైపు కన్నెత్తి చూడలేదు. కింద పడుకుని స్పానర్ అడిగాడు. బస్సు ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య రాగి అల్లిక పట్టీ ఒకటి ఉంటుంది. దాని కొసని విప్పితే వాషరు కింద ఎర్రటి తుప్పు, దాని మీద ఎండిన బురద. ఎమరీ పేపరుతో రుద్ది రుద్ది వేలితో తడిమి చూశాడు. మెరుపు వచ్చాక బిగించి, 'కొట్టరా సెల్ఫ్' అన్నాడు. ఆ చలిలో ఆ బస్సు ఒక్క దెబ్బకి అందుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అప్పటినుంచి నాకు ఎక్కడ ఏ రోగమొచ్చినా ముందు ఎర్త్ చూడందే తోచదు. నేల ఎర్త్ వేరు, బండి ఎర్త్ వేరు అని నాకూ తెలుసులే. అయినా ఇంట్లో గ్రైండరు ముట్టుకుంటే జిల్లుమంటోందని మీ అమ్మ అన్ననాడు నేను చేసిందేమిటి? గ్రైండరు వదిలేసి పెరట్లో ఎర్త్ గుంట తవ్వాను. బొగ్గూ ఉప్పూ పోసి, ఎండాకాలమంతా నీళ్ళు పొయ్యమని మీ నాన్నకి చెప్పాను. పోస్తున్నాడో లేదో నువ్వు పండక్కి వెళ్ళినప్పుడు చూడు. అన్నట్టు నీ గదిలో సాకెట్టుకి మూడో రంధ్రం ఉంటుంది కదా, దాని వెనక వైరు ఉందా, ఉత్త రంధ్రమేనా? బకెట్లో రాడ్డు పెట్టి నీళ్ళు కాచుకుంటున్నావని విన్నాను. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేదాకా ఆ నీళ్ళలో వేలు పెట్టకు. ఇంటి ఓనర్ని ఎర్త్ ఉందా అని గట్టిగా అడుగు. అడగడానికి సిగ్గయితే నా నంబరివ్వు, నేనడుగుతాను.

సరే, బండి దగ్గరికి వద్దాం. ఒక మల్టీమీటరు కొను, చవకది చాలు. డీసీ 20 వోల్టుల మీద పెట్టు. ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్సుకి, నల్లది మైనస్సుకి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉంది, 12 దాటకపోతే ఖాళీ. బటన్ నొక్కినప్పుడు 10 కిందికి జారిపోతే బ్యాటరీ మీద అనుమానం. జారకుండా ఉండి, మోటారు మాత్రం తిరగలేదంటే బ్యాటరీని వదిలెయ్. తర్వాత, ఇదే అసలైన పరీక్ష. నల్ల ముల్లు బ్యాటరీ మైనస్సు పోస్టు మీదే ఉంచు. క్లాంపు మీద కాదు, పోస్టు మీద. ఎర్ర ముల్లుని మోటారు ఒంటి మీద రంగు లేని చోట గట్టిగా గుచ్చి పట్టుకుని, స్నేహితుణ్ణి సెల్ఫ్ కొట్టమను. 0.2 లోపు చూపిస్తే ఎర్త్ మంచిదే, నేను తప్పుకుంటాను. అర వోల్టో, వోల్టో చూపించిందంటే ఇంకెక్కడా వెతకొద్దు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే కారు వాళ్ళ దగ్గర జంపర్ కేబుల్ ఒకటి అడిగి, బ్యాటరీ మైనస్సు నుంచి నేరుగా ఇంజిన్ బోల్టుకి తగిలించి సెల్ఫ్ కొట్టు. జోరుగా తిరిగితే మీ మెకానిక్‌కి వీడియో తీసి చూపించు.

పని మొదలుపెట్టేముందు ఆ స్టీలు కడియం తియ్. ఉంగరం కూడా. నా పక్కన పనిచేసినవాడొకడు ప్లస్సు విప్పుతుంటే ఉంగరానికీ స్పానరుకీ ఛాసిస్‌కీ కలిసిపోయింది. వేలి చుట్టూ కాలిన గీత అతనికి రిటైరయ్యేదాకా ఉంది. విప్పేటప్పుడు మైనస్సు ముందు, బిగించేటప్పుడు మైనస్సు ఆఖరున. ఇది నిద్రలో లేపి అడిగినా చెప్పాలి నువ్వు.

బోల్టు విప్పాక రంగంతా గీకెయ్. వైరు కొసనున్న కన్నం, బోల్టు కింది లోహం, రెండూ మెరవాలి. స్టార్ వాషరు వేసి బిగించి, ఆ తర్వాత పైన వ్యాజిలీన్ పుయ్యి. బిగించకముందు పుయ్యకు. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లగా పచ్చగా పొడి పూసి ఉంటే వేడినీళ్ళలో తినే సోడా కలిపి కడుగు.

ఇంత చేసినా బద్ధకంగానే తిరిగితే, అప్పుడు మోటారు విప్పొచ్చు. అప్పుడు కూడా మార్చడానికి కాదు. లోపల కార్బన్ బ్రష్షులు అరిగి పొట్టివయిపోతాయి, వాటి మసి ఆర్మేచర్ గీతల్లో పేరుకుంటుంది. బ్రష్షుల సెట్టు రాణీగంజ్‌లో దొరుకుతుంది. కొత్త మోటారు ఖరీదులో అదెంత! మసి తుడిచి, బ్రష్షులు మారిస్తే చాలా మోటార్లు ఇంకో పదేళ్ళు లాగుతాయి.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. బటన్ని ఐదు సెకన్లకి మించి అదిమిపెట్టకు. 1912లో క్యాడిలాక్ కార్లకి సెల్ఫ్ పెట్టిన చార్లెస్ కెటరింగ్ కనిపెట్టిన కిటుకే అది. ఇంజిన్ తిప్పాలంటే పెద్ద మోటారు కావాలి, అది కారులో పట్టదు అని అందరూ అనుకుంటుంటే, తిప్పాల్సింది కాసేపే కదా, అంతసేపూ చిన్న మోటారు మీద దాని తాహతుకి మించిన బరువు వేసినా కాలదు అన్నాడాయన. అంతకుముందు ఆయన దుకాణాల్లో డబ్బు లెక్కపెట్టే క్యాష్ రిజిస్టర్లకి ఇలాంటి మోటారే పెట్టినవాడు. కాసేపు కాబట్టే కాలదు. నువ్వు బటన్ మీద బొటనవేలు పెట్టి ఫోను చూసుకుంటే కాలుతుంది. పట్టకపోతే అర నిమిషం ఆగు, మళ్ళీ కొట్టు.

బస్సు వాళ్ళతో కందిపొడీ, గోంగూర పచ్చడీ పంపిస్తోంది మీ అత్త. రాత్రిళ్ళు బయట తినకు, మొన్న ఫోటోలో మొహం పీక్కుపోయింది. కాలికి డాక్టరు చెప్పిన ఎక్సర్‌సైజులు మానేశావని కూడా ఎవరో అన్నారు. ఎవరన్నారని అడక్కు.

వచ్చే ఆదివారం పొద్దున పని చెయ్యి, ఎండెక్కకముందు. రాత్రంతా ఆగాక బ్యాటరీ ఎంత, సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంత, మోటారు ఒంటికీ మైనస్సుకీ మధ్య ఎంత, ఈ మూడు అంకెలూ రాసి నాకు పంపు. అవి నేను చూసేదాకా ఆ మెకానిక్‌కి అడ్వాన్సు ఇవ్వకు.

ఆశీస్సులతో,
మామయ్య