ముందు ఫ్లాగ్, తర్వాతే పెల్లెట్

మన దగ్గర చాలామంది మొదటిసారి తుపాకీ పట్టుకునేది జాతరలో, బెలూన్ల అంగడి ముందు. అంగడివాళ్లు ఎయిర్ గన్ గొట్టం వంచి పెల్లెట్ పెట్టి చేతికిస్తారు. అందుకున్న కుర్రాడి వేలు నేరుగా ట్రిగ్గర్ మీదికి వెళ్తుంది. గన్ అలాగే పట్టుకుని వెనకనున్న తమ్ముడి వైపు తిరిగి మాట్లాడతాడు. వారించేవాళ్లు ఉండరు. షూటింగ్ రేంజ్‌కి వచ్చే పిల్లల్లో చాలామందికి ఈ అలవాటు ముందే ఉంటుంది. మొదటి రోజు మా కోచ్‌ల పని దాన్ని మాన్పించడమే.

గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ల వయసులో, ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ ఛాంపియన్ అయింది. ఇద్దరూ హైదరాబాద్ వాళ్లే కాబట్టి ఇక్కడి తల్లిదండ్రులకు ఈ ఆట మీద ఆశ పుట్టడం సహజం. వాళ్లు ముందుగా అడిగేది "మావాడు ఎప్పుడు కాలుస్తాడండీ?" అని. మొదటి రోజు కాల్చడు. ఆ రోజు ఏం చేస్తాడో వరసగా చెబుతాను.

పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం ఈ కొలతలో ఉండి, శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. దాంతో అది బొమ్మ తుపాకీ అనుకునేవాళ్లు చాలామంది. అందులోంచి అర గ్రాము సీసం సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో వస్తుంది. కంటికి తగిలితే చూపు పోతుంది. అందుకే నిజం తుపాకీకి ఎంత జాగ్రత్తో దీనికీ అంతే.

రైఫిల్ పెట్టెను బయట బెంచీ మీద తెరవకూడదు. నిలబడి కాల్చే చోటు, అంటే ఫైరింగ్ పాయింట్ దాకా మూసే తీసుకెళ్లాలి. గొట్టం మూతి టార్గెట్ల వైపు ఉండేలా పెట్టెను పెట్టి, ఆ తర్వాత మూత తీయాలి. పెట్టె ఏ వైపు తిరిగి ఉందో తెరవకముందే చూసుకోవాలి. తెరిచాక తిప్పడం మొదలుపెడితే గొట్టం పక్క లేన్లన్నిటి మీదుగా తిరిగినట్టే.

మూత తీయగానే కనపడాల్సింది నారింజ రంగు తీగ. దాన్నే సేఫ్టీ ఫ్లాగ్ అంటాం. ఎయిర్ రైఫిల్‌లో అది గొట్టం పొడుగునా దూరి, ఒక కొస వెనక పెల్లెట్ పెట్టే చోట, ఇంకో కొస మూతి దగ్గర బయటికి కనిపించాలి. గొట్టంలో పెల్లెట్ ఉంటే తీగ దూరదు. అంటే ఖాళీగా ఉందని పది అడుగుల దూరంలో ఉన్నవాళ్లకి కూడా తెలుస్తుంది. "ఖాళీగానే ఉంది, నాకు తెలుసు" అనే మాట రేంజ్‌లో చెల్లదు. ఆ తెలియడం మీ బుర్రలో ఉంటుంది, పక్క లేన్‌లో ఉన్నవాళ్లకి కనపడదు. తుపాకీ ప్రమాదాల గురించి వినేటప్పుడు "ఖాళీ అనుకున్నాం" అన్న మాట ఎన్నిసార్లు వినపడుతుందో గమనించండి.

ఇక చేతిలోకి తీసుకోవడం. చూపుడువేలు ట్రిగ్గర్ గార్డు బయట, చెక్క మీద తిన్నగా ఆనాలి. దీన్ని మాటల్లో చెబితే సరిపోదు, వేలు నేర్చుకోవాలి. అందుకే పిల్లల చేత ఎత్తించి దింపిస్తూనే ఉంటాం. ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తే లివర్ (పెల్లెట్ పెట్టే చోటును తెరిచి మూసే పిడి) తెరిచి, ఫ్లాగ్ పెట్టి ఇవ్వాలి. తీసుకునేవాళ్లు, ఎదుటివాళ్లు తమ కళ్ల ముందే చూసి ఇచ్చినా సరే, మళ్లీ తామూ చూసుకోవాలి. కోచ్ చేతి నుంచి తీసుకున్నా అంతే. "సార్ చూశారు కదా" అనే మర్యాద ఇక్కడ వద్దు.

రైఫిల్‌కి ఉండే గాలి సిలిండర్ సంగతి చాలామంది పట్టించుకోరు. నిండుగా ఉన్నప్పుడు అందులో సాధారణంగా 200 బార్ల ఒత్తిడి ఉంటుంది. దాని మీద తయారీ తేదీ ముద్రించి ఉంటుంది. పదేళ్లు దాటినదాన్ని పక్కన పెట్టేయాలి. చవకగా వస్తోందని పాతది కొనొద్దు.

మొదటి రోజు తర్వాత కొన్ని వారాలు డ్రై ఫైరే, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం. గాలి వదలకుండా ట్రిగ్గర్ మాత్రం పనిచేసే ఏర్పాటు మ్యాచ్ రైఫిళ్లలో ఉంటుంది. పెల్లెట్ లేకపోయినా గొట్టం టార్గెట్ వైపే ఉండాలి, చేసేది ఫైరింగ్ లైన్ మీదే. పిల్లలు విసుక్కుంటారు. అయినా గురి కుదిరేది ఇక్కడే, అలవాట్లు కుదిరేదీ ఇక్కడే.

అసలు కాల్చే రోజున రేంజ్ ఆఫీసర్ "స్టార్ట్" అనేదాకా ఫ్లాగ్ తీయకూడదు. అన్నాక ఫ్లాగ్ తీసి, పెల్లెట్ పెట్టి, లివర్ మూసి, రైఫిల్ భుజానికెత్తాలి. గురి కుదిరాకే వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లాలి. రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దాని మీద ఆరేడు సెకన్లలో నిలకడ రాకపోతే వేలు తీసేసి రైఫిల్ దించాలి. దించడం నాకు చాలా ఇష్టమైన దృశ్యం. "ఎలాగూ ఎత్తాం కదా, కాల్చేద్దాం" అన్న తొందరను జయించిన పిల్ల స్కోరూ పెరుగుతుంది, పక్కవాళ్లకి భద్రతా ఉంటుంది. ఈ ఆటలో ఆ రెండూ ఒకే చోటి నుంచి వస్తాయి.

"స్టాప్" అని వినపడితే అక్కడికక్కడే ఆగాలి. ప్రమాదం కనపడితే రేంజ్‌లో ఎవరైనా ఆ మాట అరవొచ్చు, పదేళ్ల పిల్లయినా. అప్పటికే పెల్లెట్ లోపల ఉంటే గొట్టం టార్గెట్ వైపే ఉంచి, రెండో చెయ్యి ఎత్తి ఆఫీసర్‌కి చెప్పాలి. కాల్చేసి ఖాళీ చేద్దామని సొంతంగా నిర్ణయించుకోకూడదు. ఎవరైనా లైన్ దాటి ముందుకెళ్తే, వాళ్లు తిరిగొచ్చేదాకా రైఫిల్ మీద చెయ్యి వేయకూడదు. కళ్లజోడు సర్దుకోవడానికో, ఫోటో తీసుకోవడానికో కూడా.

అయిపోయాక లివర్ తెరిచి, ఫ్లాగ్ దూర్చి, ఆఫీసర్ చూశాకే పెట్టెలో పెట్టాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కోకుండా డబ్బా తెరిచి అన్నం తినకూడదు. ఇంట్లో రైఫిల్‌కి తాళం వేయాలి, పెల్లెట్లు వేరే అల్మరాలో ఉండాలి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర ఉండాలి.

లైసెన్సు ఉన్న అసలు తుపాకీలకూ వరస ఇదే. వాటిని పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి పేల్చేవాళ్లు ఇంకా ఉన్నారు. పైకి పోయిన గుండు ఎక్కడో ఒకచోట దిగుతుంది. 2019 ఆయుధాల చట్ట సవరణ తర్వాత, నిర్లక్ష్యంగా సంబరాల్లో ఇలా పేల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

పిల్లల్ని చేర్పించే ముందు ఆ రేంజ్‌కి వెళ్లి ఒక పూట కూర్చోండి. గోడ మీద పతకాల ఫోటోలు తర్వాత చూడొచ్చు. పెట్టెలు ఏ వైపు తిరిగి తెరుచుకుంటున్నాయో, ఫ్లాగులు కనపడుతున్నాయో లేదో, "స్టాప్" అనగానే అందరూ ఆగుతున్నారో లేదో చూడండి. ఇవి లేని చోట కోచ్ ఎంత పేరున్నవాడైనా మీ పిల్లల్ని చేర్పించకండి.