చాడీ మాట, సమ్మావాచ: పనిచేసే చోట మన నోరు





పలాస-కాశీబుగ్గ జీడి కర్మాగారాల్లో పప్పుకి పొట్టు తీసే అక్కాచెల్లెళ్ళు వరసగా కూర్చుంటారు. చేతులు పనిలో ఉంటాయి, నోరు ఖాళీగా ఉంటుంది. కబుర్లు చెప్పుకోవడం తప్పు కాదు. కబుర్లు లేకపోతే ఆ పని సాగదు కూడా. అయితే కబురు ఎక్కడ చాడీ అవుతుంది? ఈ పాఠం దాని గురించే.

ఒక ఉదాహరణ అనుకుందాం. వరసలో ఒకామె రెండు రోజులు పనికి రాలేదు. "ఏటప్పా, ఆవిడికి కిడ్నీ పోనాదట గదా" అని ఒకరన్నారు. రెండో వరసకి వెళ్ళేసరికి అది "డయాలసిస్ కూడా ఎక్కించేసినారట" అయింది. సాయంత్రం ఆటోతో పాటే మాట ఊరు చేరింది. నిజానికి ఆమె టెక్కలి వెళ్ళి రక్త పరీక్ష చేయించుకుంది, అంతే. రిపోర్టు ఇంకా రాలేదు. ఈలోగా ఆమె పీట మీద వేరే మనిషి కూర్చుంది. కూతురికి చూసిన సంబంధం వాళ్ళు ఫోను ఎత్తడం మానేశారు.

ఉద్దానంలో ఈ మాట ఎంత బరువో మీకు చెప్పక్కర్లేదు. ఈ జబ్బు మొదట్లో పైకి కనబడదు. రక్తంలో క్రియాటినిన్ చూస్తే గానీ తెలీదు. 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. కానీ "పరీక్షకి వెళ్తే పేరు బయట పడుతుంది" అని భయపడి మనిషి ఆ గుమ్మమే ఎక్కకపోతే? అప్పుడు చాడీ పరువుతో ఆగదు, ప్రాణం దాకా వస్తుంది.

ఇంకో మాట. ఈ జబ్బు అంటుకునేది కాదు. పక్కన కూర్చుంటే రాదు, కలిసి తింటే రాదు. పక్కన కూర్చోనివ్వకపోవడం అంటే ఏమిటో మన తాతముత్తాతలు అనుభవించారు. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ ఆ దారి వదిలి మనకి కొత్త దారి చూపించారు. ఆయన చేయించిన ప్రతిజ్ఞల్లో అబద్ధం ఆడననేది కూడా ఒకటి. జబ్బు పేరు చెప్పి మనమే ఇంకొకర్ని దూరం పెడితే, ఏ దీక్ష తీసుకున్నట్టు?

బుద్ధ భగవానుడు సమ్మావాచలో నాలుగు రకాల మాటలు మానమన్నారు. ముసావాద అంటే అబద్ధం. పిసుణావాచ అంటే మనుషుల్ని విడగొట్టే మాట, అదే చాడీ. ఫరుసవాచ అంటే కటువు మాట. సంఫప్పలాప అంటే పనికిమాలిన వాగుడు. గమనించండి: చాడీని అబద్ధం నుంచి వేరు చేసి చెప్పారు. అంటే విషయం నిజమే అయినా, మనుషుల్ని విడగొట్టడానికి చెబితే అది చాడీయే. "నేను ఉన్నదే చెప్పాను గదా" అంటే సరిపోదు.

మంచి మాటకి అయిదు గుర్తులు కూడా చెప్పారు. నోరు తెరిచేముందు మనల్ని మనం అడుగుదాం:

1. ఇది సమయమేనా?
2. ఇది నిజమేనా? నేను చూశానా, విన్నానా?
3. మెత్తగా చెబుతున్నానా?
4. దీనివల్ల ఎవరికైనా మేలుందా?
5. మనసులో మైత్రి ఉందా?

చాడీ మన మీదే వస్తే? బ్రహ్మజాల సుత్తంలో భిక్షువులకి చెప్పిన మాట గుర్తు చేసుకోండి. నిందించారని కోపం తెచ్చుకుంటే, వాళ్ళన్నది తప్పో ఒప్పో మనకే తెలియకుండా పోతుంది. అబద్ధమైతే "ఇది ఇలా కాదు, ఇది మాలో లేదు" అని విప్పి చెప్పమన్నారు. మౌనంగా కుమిలిపొమ్మని అనలేదు, తిరిగి తిట్టమనీ అనలేదు. ఆ మాట తెచ్చినామెనే పక్కకి పిలిచి, "అప్పా, సంగతి ఇదీ" అని చెప్పండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చాడీ వద్దంటే నోరు కట్టుకోమని కాదు. కిలో లెక్కన కూలి ఇచ్చేచోట తూకంలో మోసం జరిగితే, ఆడవాళ్ళతో ఎవరైనా వెకిలిగా ప్రవర్తిస్తే, చెప్పి తీరాలి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు కమిటీ ఉండాలి. తక్కువమంది ఉన్నచోటివాళ్ళకి జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది. చాడీకీ ఫిర్యాదుకీ తేడా ఇదే: చాడీ మనిషి లేనప్పుడు, ఏమీ చెయ్యలేనివాళ్ళ చెవిలో చెప్పేది. ఫిర్యాదు సరిదిద్దగలిగినవాళ్ళ ముందు, మన పేరు పెట్టి చెప్పేది. కూలీలు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటూ ఉంటే తూకం సంగతి అడిగేవాళ్ళే ఉండరు. సంఘటితం కమ్మని బాబాసాహెబ్ ఎందుకన్నారో ఇక్కడ ఆలోచించండి.

ఈ వారం సాధన: మీ దగ్గరికి ఒక చాడీ వస్తే, దాన్ని మీ దగ్గరే ఆపండి. ఎవరి గురించైతే ఆ మాట వచ్చిందో, వాళ్ళింటికి వెళ్ళి "ఎలా ఉన్నావమ్మా, ఆసుపత్రికి తోడు రానా?" అని అడగండి. వచ్చే ఆదివారం వందనం అయ్యాక, ఎన్ని మాటలు మీ దగ్గర ఆగాయో చెప్పుకుందాం. అయితే, ఆ మాటలేమిటో మాత్రం చెప్పుకోవద్దు!

భవతు సబ్బ మంగళం. జై భీమ్!