చదువు ముగిసింది, ఏ ఊరికి వెళ్ళాలి?

ఆఖరి సంవత్సరం పరీక్షలు ముగిసి డిగ్రీ చేతికి రాగానే మన ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. కుర్రవాడు కర్నూలులోనో, కడపలోనో, గుంటూరులోనో పుట్టి పెరిగాడు. తన చదువుకు తగిన ఉద్యోగం అక్కడ దొరకదు. మరి హైదరాబాదా, బెంగళూరా, చెన్నయా? మేనమామ ఒక ఊరు చెబుతాడు, తోటి విద్యార్థులు మరో ఊరు చెబుతారు. జీతం ఎంత, అద్దె ఎంత, రూములో ఎంతమంది, మెట్రో దగ్గరా దూరమా అన్న ప్రశ్నలు వరుసగా వస్తాయి. ఇవన్నీ అడగవలసినవే. కాని ఏది ముందు, ఏది తరువాత అన్న విషయంలో మన యువకులు చాలామంది పొరబడుతున్నారు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ప్రధానంగా ఆ వరుస గురించే.

ఒక కొత్త చోట కుటుంబాన్ని నిలిపిన వారిలో దైవప్రవక్త హజ్రత్ ఇబ్రాహీమ్ (అ) గారి ఉదంతం మనకు తెలిసిందే. ఆయన తన సహధర్మచారిణి హజ్రత్ హాజిరా (అ)ను, పసివాడైన ఇస్మాయీల్ (అ)ను మక్కా లోయలో విడిచిపెట్టారు. అక్కడ నీరు లేదు, పంట లేదు, మనుషులు లేరు. అప్పుడు ఆయన చేసుకున్న దుఆను అల్లాహ్ సూరా ఇబ్రాహీమ్ 37వ ఆయతులో మనకు వినిపించాడు. దాని క్రమాన్ని జాగ్రత్తగా గమనించండి. తన సంతానాన్ని పంట పండని లోయలో, పవిత్ర గృహం దగ్గర ఉంచానని విన్నవించుకుని, వారు నమాజును నెలకొల్పడానికే అలా చేశానని మొదట అన్నారు. ఆ తరువాత ప్రజల హృదయాలు వారివైపు మొగ్గేలా చేయమని కోరారు. పండ్లను ఉపాధిగా ప్రసాదించమన్న కోరిక దాని తరువాత వచ్చింది. సూరా బఖరా 126వ ఆయతులో ఉన్న మరో దుఆలోనూ ఊరి శాంతి భద్రతలు ముందు, పండ్లు తరువాత.

అంటే నమాజు, భద్రత, చుట్టూ ఉండే మనుషులు, ఆ పైన ఉపాధి. ఆయన ఉపాధిని అడగకుండా ఊరుకోలేదు. జీతం మాట ఎత్తడమే దునియాదారీ అని కొందరు పెద్దలు పిల్లలను మందలిస్తుంటారు. అది ధర్మం చెప్పిన మాట కాదు. మదీనాకు వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి ఆయన అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన దుఆ ఇచ్చి, నాకు బజారు ఎక్కడో చూపించండి చాలు అన్నారు. బనూ ఖైనుఖా బజారుకు వెళ్ళి పనీరు, నెయ్యి వ్యాపారం మొదలుపెట్టారు. కొద్ది రోజులకే సొంత సంపాదనతో నికాహ్ చేసుకున్నారు. ఈ సంఘటన బుఖారీలో ఉంది. కొత్త ఊరిలో ఎవరి మీదా భారం కాకుండా బతకాలనుకునే యువకునికి ఇది మంచి పాఠం. అయితే ఆయన బజారుకు వెళ్ళేనాటికే మదీనాలో మస్జిద్, సోదరులు, జమాఅత్ ఉన్నాయన్నది మరువరాదు.

ఇక మన కాలపు సంగతికి వద్దాం. ‘ఏ ఊరు?’ అని అడిగేవారికి మేము ‘ఆ ఊరిలో ఏ పేట?’ అని ఎదురు ప్రశ్న వేస్తాము. ఎందుకంటే హైదరాబాదులో ఉండటమంటే ఒకే రకంగా ఉండటం కాదు. మెహదీపట్నంలోనో టోలిచౌకిలోనో గది తీసుకున్న కుర్రవాడికి అయిదు పూటలా అజాన్ చెవిన పడుతుంది. కింద హలాల్ హోటలు ఉంటుంది, పక్కింటి పెద్దాయన ఫజ్ర్‌కు కనిపించకపోతే అడుగుతాడు. ఆఫీసు మాధాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉంటే రోజూ ట్రాఫిక్‌లో కొంత సమయం పోతుంది, నిజమే. ఆ సమయం మిగుల్చుకోవడానికి ఆఫీసు పక్కనే హాస్టల్‌లో చేరినవాడికి నిద్ర ఎక్కువ దొరుకుతుంది గాని, మస్జిద్ ఎటువైపు ఉందో ఆరునెలలైనా తెలియకపోవచ్చు. బెంగళూరులోనూ ఇంతే. శివాజీనగర్ వాతావరణం వేరు, అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎలక్ట్రానిక్ సిటీ వాతావరణం వేరు. చెన్నైలో 1795లో కట్టిన వాలాజా మస్జిద్ ఉన్న ట్రిప్లికేన్‌కూ, ఐటీ కంపెనీలున్న పాత మహాబలిపురం రోడ్డుకూ అంతే తేడా. ఊరి పేరు కంటే వీధి ముఖ్యం.

ఆఫీసు దగ్గరే ఉండక తప్పని పరిస్థితి కూడా ఉంటుంది. దానికీ దారి ఉంది. ఒక చోట ముగ్గురుండి వారిలో జమాఅత్ నమాజు జరగకపోతే షైతాను వారిని లోబరచుకుంటాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. మందకు దూరమైన గొర్రెనే తోడేలు తింటుందని కూడా ఆ మాటతోపాటే తెలిపారు. హజ్రత్ అబూ దర్దా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్‌లో ఉంది. మన పిల్లలు ముగ్గురు నలుగురు కలిసి తీసుకునే ఫ్లాట్‌కు ఈ హదీసు ఎంత చక్కగా వర్తిస్తుందో చూడండి. ఒక మూల చాప పరచి, ఫజ్ర్, ఇషా జమాఅత్‌తో చేసుకునే ముగ్గురు దొరికితే చాలు, మస్జిద్ దూరమైనా ఇల్లు నిలబడుతుంది. అందుకే అద్దె పంచుకోవడానికి మనిషి దొరికాడని సంతోషపడేముందు, ఆ మనిషి రాత్రి పన్నెండింటికి ఏం చేస్తుంటాడో తెలుసుకోవడం మేలు. తొంభై తొమ్మిది హత్యలు చేసి, ఇంకొకటి కూడా కలిపి నూరు చేసినవాడు పశ్చాత్తాపపడినప్పుడు, ఊరు విడిచి సజ్జనులున్న ఊరికి వెళ్ళమని ఆనాటి విద్వాంసుడు సలహా ఇచ్చాడన్న హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. మంచివాళ్ళున్న ఊరు మనిషిని మార్చగలిగితే, చెడ్డ రూము మార్చదా?

మస్జిద్‌కు దూరంగా ఉన్నవారు దిగులుపడవలసిన పనీ లేదు. బనూ సలిమా తెగవారు దూరంగా ఉన్న తమ ఇళ్ళు వదలి మస్జిదె నబవీ దగ్గరకు మారాలనుకున్నారు. దైవప్రవక్త (స) వారిని అక్కడే ఉండమన్నారు, వారి అడుగులు లెక్కించబడుతున్నాయని శుభవార్త ఇచ్చారు. కాబట్టి దూరం తప్పు కాదు, వెళ్ళకపోవడమే నష్టం. శుక్రవారం సంగతి మాత్రం ఉద్యోగంలో చేరకముందే తేల్చుకోవాలి. జుమా వేళకు గంటన్నర బయటికి వెళ్ళనిస్తారా, రాత్రి షిఫ్టు అయితే ఫజ్ర్ ఎక్కడ గడుస్తుంది అని ముందే మర్యాదగా అడిగితే చాలామంది అధికారులు ఒప్పుకుంటారు. చేరిన మూడు నెలలకు అడిగితే గొడవలా కనిపిస్తుంది.

ఇల్లు వెదికేటప్పుడు మనవాళ్ళకు మరో కష్టం ఎదురవుతుంది. ఫోనులో అంతా మాట్లాడి, పేరు చెప్పగానే ఇల్లు ఖాళీ లేదనే యజమానులు అన్ని నగరాల్లోనూ తగులుతారు. ఇది బాధ కలిగించే విషయమే. కాని దానితో ‘ఇక మనవాళ్ళ మధ్య తప్ప ఎక్కడా ఉండరాదు’ అని తీర్మానించుకోవడం సరికాదు. మక్కాలో బాధలు మితిమీరినప్పుడు, క్రీ.శ. 615లో, సహాబాలను దైవప్రవక్త (స) పంపింది హబషాకు. అక్కడి రాజు క్రైస్తవుడు. అతని రాజ్యంలో ఎవరిపైనా అన్యాయం జరగదన్నదే ఆ ఎంపికకు కారణం. న్యాయంగా నడుచుకునే యజమాని, మంచి ఇరుగుపొరుగు ఏ మతం వారైనా అల్లాహ్ ఇచ్చిన వరమే. విశాలమైన ఇల్లు, మంచి పొరుగువాడు, సౌకర్యమైన వాహనం మనిషి సౌభాగ్యాలలోనివని హదీసులో ఉంది. పొరుగువాని హక్కు అతడు ముస్లిమ్ కాకపోయినా ఉంటుంది. రాత్రి ఒంటిగంటకు బైకు హారను కొట్టి పొరుగువారిని నిద్రలేపే మన పిల్లవాడు, తన తరువాత ఇల్లు వెదికే పదిమందికి తలుపు మూస్తున్నాడని గ్రహించాలి.

డబ్బు విషయం క్లుప్తంగా. బెంగళూరులో చాలాచోట్ల అయిదారు నెలల నుంచి పది నెలల అద్దె వరకు అడ్వాన్సు అడిగే అలవాటు ఉంది. ఆ మొత్తాన్ని క్రెడిట్ కార్డు మీద వడ్డీకి తెచ్చి కొత్త జీవితం మొదలుపెట్టడం మంచిది కాదు. ముగ్గురు కలిసి పంచుకోవచ్చు, తండ్రి వద్దో అన్న వద్దో ఖర్జె హసనా తీసుకోవచ్చు, లేదా అడ్వాన్సు తక్కువున్న ఊరినే ఎంచుకోవచ్చు.

తల్లిదండ్రుల మాట దీనికంటే పెద్దది. జిహాద్‌కు అనుమతి కోరి వచ్చిన వ్యక్తిని దైవప్రవక్త (స) అతని తల్లిదండ్రులు బతికి ఉన్నారా అని అడిగి, వారి సేవలోనే శ్రమించమని పంపేశారు. తండ్రికి డయాలసిస్ జరుగుతుంటే, ఇంట్లో మరో మగదిక్కు లేకుంటే, అయిదు వేలు ఎక్కువ జీతం కోసం దూరపు ఊరు ఎంచుకోవడానికి ఏం సమాధానం చెబుతాం? రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి ఇల్లు చేరగల ఊరు అలాంటివానికి మేలు. 2020లో కోవిడ్ వచ్చినప్పటి నుంచి కొన్ని సంస్థలు ఇంటి నుండే పని చేయనిస్తున్నాయి. అలాంటి అవకాశం ఉంటే సొంత ఊరే ఆ ‘కొత్త ఊరు’ కావచ్చు. తల్లిదండ్రులు కూడా ఒక సంగతి ఆలోచించాలి. పిల్లవాడు కళ్ళెదుట ఉండాలన్న మమకారంతోనే అతణ్ణి పని లేకుండా రెండేళ్ళు కూర్చోబెట్టడం అతని పట్ల అన్యాయం. భూమిలో సంచరించి ఉపాధిని తినమని సూరా ముల్క్ 15వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు.

కూతుళ్ళ విషయం అడిగే తల్లులు ఎక్కువయ్యారు. హనఫీ ధర్మవేత్తల ప్రకారం స్త్రీ ఒంటరిగా షరీఅత్ నిర్ణయించిన ప్రయాణ దూరం వెళ్ళరాదు, మహ్రమ్ తోడు ఉండాలి. కాబట్టి జీతం కంటే ముందు, ఏ ఊరిలో ఆమె అన్న, మేనమామ లేదా బాబాయి కాపురముంటున్నారో చూడాలి. పెదనాన్న కొడుకు, మేనత్త కొడుకు మహ్రమ్ కారు. ఈ తేడా మన ఇళ్ళలో చాలామందికి తెలియదు. అదే సమయంలో, చదువుకు లక్షలు ఖర్చుపెట్టి, ఊరు నిర్ణయించేటప్పుడు ఆమెను ఒక్కమాట అడగకపోవడం మష్వరా అనిపించుకోదు.

వీటన్నిటినీ విచారించుకున్న తరువాత ఇస్తిఖారా. సహాబాలకు ఖుర్ఆన్ సూరా నేర్పినట్టే దైవప్రవక్త (స) దీన్ని నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. రెండు రకాతులు నఫిల్ చేసి దుఆ చదవాలి. కలలో ఊరు కనిపించాలని ఎదురుచూడడం దీనిలో భాగం కాదు. దుఆ చేసి, అనుభవజ్ఞులను సంప్రదించి, మనసు మొగ్గినవైపు, దారి సులువైనవైపు అడుగు వేయాలి.

వెళ్ళిన కొత్తలో బెంగ పట్టుకుంటే అది ఈమాన్ బలహీనత కాదు. మదీనా చేరిన తొలి రోజుల్లో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) జ్వరంతో మంచం పట్టారు. బిలాల్ (రజి) మక్కా లోయను, అక్కడి గడ్డిని తలచుకుంటూ కవిత్వం చదివేవారు. దైవప్రవక్త (స) వారిని మందలించలేదు. మదీనాను మక్కా అంతగా లేదా అంతకంటే ఎక్కువగా మాకు ప్రియమైనదిగా చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. కొత్త ఊరికి చేరిన ప్రతివాడూ ఆ ఊరి పేరుతో ఇలా దుఆ చేసుకోవచ్చు.

చివరగా, ఊరు మారినవారు తరచూ అడిగే మసఅలా ఒకటి. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్ల ప్రయాణానికి ఊరి పొలిమేర దాటినవాడు ముసాఫిర్. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులు చేస్తాడు. కొత్త ఊరిలో 15 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఉండే సంకల్పం ఉంటే చేరిన రోజు నుంచే పూర్తి నమాజు. ఇంటర్వ్యూ కోసం నాలుగు రోజులకే వెళితే ఖస్ర్, స్థానిక ఇమామ్ వెనుక చేస్తే మాత్రం పూర్తిగా చేయాలి. తల్లిదండ్రులున్న సొంత ఊరిని శాశ్వతంగా వదిలేయనంతవరకు అది వతనె అస్లీగానే ఉంటుంది. పండుగకు ఒక్కరోజు వచ్చినా అక్కడ పూర్తి నమాజే. ఇక కడపకు శని ఆదివారాలు వచ్చి, సోమవారం బెంగళూరు చేరి, మళ్ళీ శుక్రవారం బయలుదేరేవాడు బెంగళూరు గదిలో ఖస్ర్ చేయాలా అన్నది సూక్ష్మమైన ప్రశ్న. పూర్వపు గ్రంథాల ప్రకారం సొంత ఊరికి తిరిగి వెళ్ళడంతో ఆ నివాసం రద్దవుతుంది. ఈ కాలపు ముఫ్తీలలో పలువురు, గదిలో సామాను ఉండి అక్కడే కొనసాగే ఉద్దేశం ఉంటే రద్దు కాదని, పూర్తి నమాజు చేయాలని ఫత్వా ఇస్తున్నారు. ఇలా వారం వారం ప్రయాణించేవారు తమ వివరాలన్నీ చెప్పి దగ్గరలోని దారుల్ ఇఫ్తాలో ఒకసారి అడిగి తెలుసుకోవాలి.