ముగ్గురాయి నేర్పే ద్వంద్వ వియోగం

కడప నుంచి రేణిగుంట వెళ్ళే రైలుదారిలో ఓబులవారిపల్లె వస్తుంది. దానికి దగ్గరలోనే మంగంపేట. నంద్యాల జిల్లా వారికి బేతంచెర్ల నాపరాయి ఎలాగో, ఆ ఊరివారికి ముగ్గురాయి అలాగ. ఒకేచోట ఇంత ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలో మరెక్కడా లేదు. చేతిలోకి తీసుకుంటే బరువు ఆశ్చర్యపరుస్తుంది. నీటికంటే దాదాపు నాలుగున్నర రెట్లు సాంద్రత. చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో దీని పొడి కలిపేది ఆ బరువు కోసమే.

దీని రసాయన నామం బేరియం సల్ఫేట్. ప్రయోగశాలలో దీన్ని క్షణంలో తయారుచేయవచ్చు. బేరియం క్లోరైడ్ ద్రావణంలో సోడియం సల్ఫేట్ ద్రావణం పోస్తే తెల్లని అవక్షేపం దిగుతుంది. (బేరియం లవణాలు విషం. మాస్టారు దగ్గర లేనిదే ముట్టుకోకండి.)

బేరియం క్లోరైడ్ + సోడియం సల్ఫేట్ → బేరియం సల్ఫేట్ ↓ + 2 సోడియం క్లోరైడ్

ఆ 2 ఎక్కడినుంచి వచ్చింది? బేరియం సంయోజకత 2, కాబట్టి దానితో రెండు క్లోరిన్లు ఉన్నాయి. సల్ఫేట్ సంయోజకతా 2 కనుక దానితో రెండు సోడియంలు. జతలు మారినప్పుడు ఉప్పు రెండు అణువులు కావాలి. కొందరు విద్యార్థులు ఫార్ములా లోపలి అంకెలను దిద్ది లెక్క సరిచేస్తారు. అలా చేస్తే పదార్థమే మారిపోతుంది! నీటి ఫార్ములాలో ఆక్సిజన్ పక్కన 2 వేసి చూడండి, అది హైడ్రోజన్ పెరాక్సైడ్. అంకె ఎప్పుడూ ఫార్ములా ముందే వేయాలి. బరువులతో సరిచూడండి: ఎడమవైపు 208 + 142 = 350; కుడివైపు 233 + 117 = 350.

జతలు మార్చి రాసినంత మాత్రాన చర్య జరిగిపోదు. ఉప్పు నీళ్ళలో సురేకారం నీళ్ళు కలపండి, ఏమీ కాదు. నాలుగు అయాన్లూ నీటిలోనే తిరుగుతుంటాయి. కరగని పదార్థమో, వాయువో, నీరో ఏర్పడితేనే చర్య ముందుకు సాగుతుంది. సోడియం, పొటాషియం, అమ్మోనియం లవణాలు, నైట్రేట్లు అన్నీ కరుగుతాయని గుర్తుంటే సగం పని అయినట్లే.

ఈ ఊహ తప్పితే ప్రాణాలే పోవచ్చు. కడుపు ఎక్స్‌రే తీసే ముందు రోగిచేత బేరియం సల్ఫేట్ తాగిస్తారు. బేరియం అయాన్ విషం కదా, మరి ప్రమాదం లేదా? జఠరరసంలోని హైడ్రోక్లోరికామ్లంతో జతలు మార్చి చూడండి. వాయువు లేదు, నీరు లేదు, కొత్త అవక్షేపమూ లేదు. చర్య సాగదు, పొడి కరగకుండానే బయటికి పోతుంది. అలాగే తెల్లగా కనిపించే బేరియం కార్బొనేట్ సంగతి వేరు:

బేరియం కార్బొనేట్ + 2 హైడ్రోక్లోరికామ్లం → బేరియం క్లోరైడ్ + నీరు + కార్బన్ డయాక్సైడ్ ↑

వాయువు బయటపడుతుంది, విషం రక్తంలో చేరుతుంది. 2003లో బ్రెజిల్‌లో ఎక్స్‌రే కోసం ఇచ్చిన మందులో ఈ కార్బొనేట్ కలిసి ఉండటం వల్ల పలువురు మరణించారు. ఇటువంటి విషానికి వైద్యులు సోడియం సల్ఫేట్‌నో, మెగ్నీషియం సల్ఫేట్‌నో తాగిస్తారు. కడుపులో మిగిలిన బేరియం మళ్ళీ ముగ్గురాయిగా మారి కూర్చుంటుంది!

ఇక మీవంతు. సిల్వర్ నైట్రేట్, బేరియం క్లోరైడ్ ద్రావణాలు కలిపితే ఏది అడుగున దిగుతుంది? ఏ ఫార్ములాల ముందు 2 వేయాలి?