ఒక్క లైను తీసేముందు

మిర్యాలగూడ

చిరంజీవి అల్లుడికి,

ఇక్కడ కోతలు మొదలై మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరాయి. గడప దాటే పని పెట్టుకోకుండా లైనక్స్ డివైస్ ట్రీ మీద నీ ప్యాచ్ తీరిగ్గా చదివాను.

డివైస్ ట్రీ కంపైలర్ డీటీసీ అనవసరమని హెచ్చరించిందని #అడ్రస్-సెల్స్, #సైజ్-సెల్స్ జంటను రెండు చోట్ల తీసేశావు. జీపీఐఓ-కీస్ నోడ్‌లో తీసింది సరే. ఆ జంట చెప్పేది పిల్ల నోడ్‌ల రెగ్ ఎలా చదవాలో. ఆ నోడ్ పిల్లలైన బటన్లకు రెగ్గే ఉండదు కదా, ఎవరో ఎక్కడి నుంచో కాపీ కొట్టి ఉంటారు.

డిస్‌ప్లేను కలిపే డీఎస్ఐ నోడ్ దగ్గర మాత్రం ఆగు. నువ్వు మార్చింది చిప్పు డీటీఎస్ఐ ఫైలు. నీ బోర్డుకు ప్యానెల్ లేదు, పోర్ట్స్ ఒక్కటే పిల్ల, అందుకే హెచ్చరిక వచ్చింది. అదే ఫైలును తెచ్చుకునే ఇంకో బోర్డు తన డీటీఎస్‌లో ప్యానెల్‌ను రెగ్ సున్నాతో పెట్టుకుంటుంది. అక్కడ ఆ జంట విలువలు 1, 0 ఉండాలి. నువ్వు తీసేస్తే స్పెసిఫికేషన్ ప్రకారం డిఫాల్ట్ 2, 1 అవుతుంది. ఒక్క గడి ఉన్న రెగ్‌కు మూడు గళ్లు కావాలని డీటీసీ గోల చేస్తుంది. నీ బిల్డ్‌లో హెచ్చరిక పోతుంది, వాళ్ల బిల్డ్‌లో పుడుతుంది. కాబట్టి ఆ డీటీఎస్ఐని ఇన్‌క్లూడ్ చేసే బోర్డులన్నీ గ్రెప్ చేసి చూడు.

డ్రైవర్ చదవడం లేదన్న కారణం కూడా ఒక్కటే చాలదు. డివైస్ ట్రీ బోర్డుకు పహాణీ: ఎక్కడ ఏముందో రాస్తుంది, దున్నడం దాని పని కాదు. 1994లో ఓపెన్ ఫర్మ్‌వేర్‌లో భాగంగా ప్రమాణమైనప్పుడు లైనక్స్ కోసం రాసింది కాదది. 2011లో ఏఆర్ఎం బోర్డు ఫైళ్ల గందరగోళం మీద టోర్వాల్డ్స్ విరుచుకుపడ్డాకే లైనక్స్‌లో ఏఆర్ఎం వైపు జోరుగా పాకింది. ఈ ఫైళ్లను యూ-బూట్ కూడా వాడుకుంటుంది. ముందు ఆ నోడ్ బైండింగ్ పత్రం తెరువు. ఆ ప్రాపర్టీ అందులో లేకపోతేనో, హార్డ్‌వేర్‌కు సంబంధం లేనిదైతేనో తీసెయ్.

తీశాక డీటీబీఎస్_చెక్ నడిపి, కంపైల్ అయిన పాత డీటీబీనీ కొత్తదాన్నీ డీటీఎక్స్_డిఫ్‌తో పోల్చు. నువ్వు తీసిన లైన్లు తప్ప ఇంకేదీ మారకూడదు. ఆ ఫలితాన్ని కమిట్ మెసేజ్‌లో రాయి. హెచ్చరిక పాఠ్యం అతికించి వదిలేస్తే రివ్యూ చేసేవాళ్లు ఎందుకని అడగక మానరు. జీపీఐఓ-కీస్ మార్పు ఒక్కటే విడి ప్యాచ్‌గా పంపు; పక్కనున్న స్పేసులు సర్దే ముచ్చట వద్దు. ఫిక్సెస్ ట్యాగ్ తగిలించాలన్న తహతహ మీ తరానికి కాస్త ఎక్కువే. ఇది ఎవరి బోర్డునూ ఆపిన బగ్ కాదు, స్టేబుల్ కెర్నల్ దాకా ఎందుకు లాగడం?

ఇప్పుడు మెర్జ్ విండో తెరిచి ఉంటే పంపకు. ఆ రెండు వారాలు మెయింటెయినర్లు ఇలాంటివి ముట్టుకోరు, ఆర్‌సీ1 వచ్చాక దాని మీదే రీబేస్ చేసి పంపు.

మీ మామయ్య