కొలంబస్‌లో చేరిన మా అక్క కొడుక్కి

ఆన్ ఆర్బర్, మిషిగన్
20 ఆగస్టు 2025

చిరంజీవి నానీకి,

గది కుదిరిందని, నలుగురూ వంటకు వంతులు వేసుకున్నారని అక్క ఫోన్‌లో చెప్పింది. సంతోషం. దాంతోపాటు నువ్వు ఒహాయో స్టేట్ ఎర్ర టీషర్టు వేసుకుని స్టేడియం ముందు దిగిన ఫొటో కూడా పంపింది. మీ బాబాయి అది చూసి ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మిషిగన్‌లో చదువుకుని, ఈ ఊళ్లోనే స్థిరపడి, శరదృతువు శనివారాల్లో పసుపు, నీలం తప్ప మరో రంగు ఒంటి మీద వేసుకోని మనిషిని నేను. అలాంటిదాన్ని "పిన్నీ, వీళ్లకి ఈ ఫుట్‌బాల్ పిచ్చేంటి, నేనే జట్టు వైపు ఉండాలి?" అని అడిగించావు. ఫోన్‌లో తేలే మాట కాదు కాబట్టి రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. నువ్వు ఒహాయో స్టేట్ వైపే ఉండు. పిన్ని బాధపడుతుందనో, థాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు మాటలు పడాల్సి వస్తుందనో మా రంగులు కట్టకు. ఏ ఊళ్లో చదువుతున్నావో, ఎక్కడ వండుకు తింటున్నావో ఆ ఊరి జట్టే నీది. ఈ దేశంలో ప్రొఫెషనల్ జట్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మకాం మార్చేస్తాయి. కాలేజీ జట్టు అలా మారదు. ఈ ఆటకున్న బలమంతా అందులోనే ఉంది. గెలిచే జట్టేదో చూసి దాని వెనక చేరేవాణ్ణి మాత్రం నేను అభిమాని అనను.

ఆట సంగతి క్లుప్తంగా. ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు, లేకపోతే బంతి అవతలివాళ్లకి. చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, కాలితో తన్ని గోలు కొట్టినా కొన్ని పాయింట్లు వస్తాయి. ఇంతవరకు తెలిస్తే చాలు. మిగతాది అక్టోబరుకల్లా పక్కనున్నవాళ్ల తిట్లు వింటూ నేర్చుకుంటావు.

నీకు ముందుగా అర్థం కావలసింది ఆగస్టు. ఏడాదిలో మామూలు మ్యాచ్‌లు పన్నెండే. ఒక్కటి పోయినా వారం రోజులు అన్నం సయించదు. ఇంకా ఒక్క బంతీ కదలకముందే విలేఖరులు జట్లకు ర్యాంకులు వేసేస్తారు. ఈసారి టెక్సస్‌కి ఒకటి, పెన్ స్టేట్‌కి రెండు, మీకు మూడు, మాకు పద్నాలుగు. ఆ అంకెల్ని నమ్మనక్కర్లేదు కానీ, వాటి మీద పోట్లాడుకోవడం మాత్రం మానకూడదు. ఆగస్టులో అభిమానికి ఉన్న పని అదొక్కటే.

మా ఆశంతా ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడి మీద ఉంది. పేరు బ్రైస్ అండర్‌వుడ్. ఈ ఊరికి కూతవేటు దూరంలోని బెల్‌విల్ వాడు. హైస్కూలు ఆటగాళ్లలో దేశం మొత్తమ్మీద మొదటివాడిగా లెక్కగట్టారు. మొదట లూయిసియానా స్టేట్‌కి మాటిచ్చి, పోయిన నవంబరులో మనసు మార్చుకుని ఇంటి జట్టుకి వచ్చాడు. కోచ్ ఇంకా బయటపెట్టలేదు కానీ, పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా అతన్నే దింపుతారని ఊరంతా అనుకుంటోంది. ఇంతవరకూ కాలేజీలో ఒక్క పాస్ కూడా వెయ్యని పిల్లాడి మీద లక్షమంది ఇంత బరువు పెట్టడం న్యాయమేనా అంటే, కాదు. అయినా పెడుతున్నాం, నాతో సహా.

మీకైతే జూలియన్ సేయిన్ అని కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని ప్రకటించారు. అతను ఎవరికి వేసినా వెయ్యకపోయినా జెరెమయా స్మిత్‌కి వేస్తే చాలు. జనవరిలో నోటర్ డామ్‌తో ఫైనల్లో, ఇక ఆధిక్యం జారిపోతుందేమో అనుకున్న సమయంలో, 56 గజాల పాస్ పట్టి కథ ముగించింది ఆ ఫ్లోరిడా కుర్రాడే. ఇంకో పది రోజుల్లో, ఈ నెల 30న టెక్సస్ మీ మైదానానికే వస్తోంది. మొదటి మ్యాచ్‌కే ఒకటో ర్యాంకు జట్టు! టికెట్టు దొరికితే క్లాసు అసైన్‌మెంటు శుక్రవారమే ముగించుకుని వెళ్లు. బ్యాండువాళ్లు నడుచుకుంటూ మైదానంలో ఒహాయో అని గొలుసుకట్టుగా రాస్తారు. 1936 నుంచి వస్తున్న ఆచారం. చివర్లో ఐ అక్షరం మీద చుక్కగా ఒక సూసాఫోన్ వాయిద్యగాడు వచ్చి నిలబడి వంగుతాడు. మాకు అలాంటిది లేదని ఒప్పుకోవడం నాకు కష్టమే. అది చూడ్డానికి కాస్త ముందే లోపలికి పో.

ఇక వైరం విషయానికి వద్దాం. దీని మూలం ఆట కన్నా పాతది. 1835లో మిషిగన్, ఒహాయో రెండూ టొలీడో ఊరి చుట్టూ ఉన్న నేల మాదంటే మాదని సైన్యాల్ని దింపాయి. మన పల్లెల్లో పాలివాళ్ల గట్టు తగాదా ఎలా ఉంటుందో అచ్చం అలాగే. చివరికి వాషింగ్టన్‌లో కాంగ్రెసు టొలీడోని ఒహాయోకి ఇచ్చేసి, మిషిగన్‌కి ఉత్తరాన ఉన్న ద్వీపకల్పం ముట్టజెప్పింది. అప్పట్లో మావాళ్లు మోసపోయామని గోల పెట్టారు. తర్వాత అక్కడ రాగి, ఇనుము బయటపడ్డాయి. నువ్వు మా ఇంటికి కారులో వచ్చేటప్పుడు ఆ టొలీడో మీదుగానే వస్తావు.

మొదటి మ్యాచ్ 1897లో. 34–0, మాదే గెలుపు. 1918 నుంచి ఒక్క కోవిడ్ ఏడు తప్ప ఏటా ఆడుతున్నారు. నీకు కథలు ఇష్టం కదా, 1950లో కొలంబస్‌లో జరిగిన మ్యాచ్ గురించి మీ వాళ్లనే అడుగు. మంచు తుపానులో గీతలు కూడా కనబడలేదు. రెండు జట్లూ కలిసి 45 సార్లు బంతిని తన్ని వదిలించుకున్నాయి. మావాళ్లు మ్యాచ్ మొత్తంలో ఒక్కసారి కూడా ఆ పది గజాలు దాటలేదు. అయినా 9–3తో గెలిచారు! పది గజాలు పోకుండా గెలవడమేంటని నువ్వు అడగాలి, వాళ్లు పళ్లు నూరుతూ చెప్పాలి.

కానీ ఈ వైరానికి ప్రాణం పోసింది 1969 నుంచి 1978 దాకా సాగిన పదేళ్ల పోరు. మీ కోచ్ వుడీ హేస్. మాకు అప్పుడే వచ్చినవాడు బో షెంబెక్లర్. ఒహాయోలో పుట్టి, హేస్ దగ్గరే ఆడి, హేస్ దగ్గరే సహాయకుడిగా పనిచేసినవాడు. దేశంలోకెల్లా మేటి జట్టని అందరూ అనుకుంటున్న హేస్ జట్టుని వచ్చిన ఏడే 24–12తో ఓడించాడు. పదేళ్లలో బో అయిదు, వుడీ నాలుగు, ఒకటి సమం. ఆ సమమైన మ్యాచ్ 1973లో ఇక్కడ, 10–10. రెండు జట్లూ అజేయం. సీజన్ చివరి పెద్ద మ్యాచ్ అయిన రోజ్ బౌల్‌కి ఎవరు పోవాలన్నది మన రెండు జట్లూ ఆడే బిగ్ టెన్ కాన్ఫరెన్సు అథ్లెటిక్ డైరెక్టర్లు ఓటు వేసి తేల్చారు. మా క్వార్టర్‌బ్యాక్ కాలర్‌బోన్ విరిగిందని చూసి మీకు ఇచ్చారు. ఇక్కడి ముసలివాళ్ల ముందు ఆ ఏడాది పేరెత్తకు, కాఫీ చల్లారిపోతుంది.

వుడీ హేస్ గురించి ఇంకో సంగతి కూడా తెలుసుకో. ఐదు జాతీయ టైటిళ్లు తెచ్చిన మనిషి, చరిత్ర పుస్తకాలు తెగ చదివిన మనిషి. 1978 చివర్లో గేటర్ బౌల్ మ్యాచ్‌లో ఎదుటి జట్టు ఆటగాణ్ణి పిడికిలితో గుద్దాడు. మర్నాడే ఉద్యోగం పోయింది. కోపం ఆ మనిషికే ఆగలేదు, మైదానంలో ఆడే కుర్రాళ్లకి ఆగుతుందా? పోయిన నవంబరు 30న ఏం జరిగిందో నువ్వు వీడియోల్లో చూసే ఉంటావు. మావాళ్లు 6–5తో ఈడ్చుకుంటూ వచ్చారు. మీది రెండో ర్యాంకు. అందరూ మీరు మూడు టచ్‌డౌన్ల తేడాతో గెలుస్తారన్నారు. ఇంకా 45 సెకన్లు ఉండగా మేం ఒక్క గోలు కొట్టి 13–10తో గెలిచాం. అంతదాకా బాగుంది. తర్వాత మావాళ్లు జెండా తీసుకెళ్లి మీ మైదానం నడిబొడ్డున పాతబోయారు. కొట్లాట, పోలీసుల పెప్పర్ స్ప్రే, రెండు యూనివర్సిటీలకీ లక్ష డాలర్ల చొప్పున జరిమానా. గెలిచినవాడు ఆ పని చేసి ఉండకూడదు. జెండా పాతితే జైలుశిక్ష పడేలా చట్టం తేవాలని మీ శాసనసభ్యుడొకాయన బిల్లు పెట్టాడు. అది ఇంకా పెద్ద చోద్యం!

ఇంత చెప్పాక నువ్వు అడిగే ప్రశ్న నాకు తెలుసు. ఆ ఓటమి తర్వాత మీవాళ్లు కోచ్ రయన్ డేని తీసెయ్యమని గోల పెట్టారు. మూడు వారాలకి జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్ మొదలైంది. టెనెసీ, ఒరెగన్, టెక్సస్, నోటర్ డామ్, నాలుగింటినీ ఓడించి జాతీయ ఛాంపియన్లయ్యారు. మరి నవంబరులో మా చేతిలో ఓడితే ఏం పోయింది, అసలు ఆ మ్యాచ్‌కి ఇక విలువేముంది, అని. చాలామంది పండితులు ఇదే అంటున్నారు. నేను ఒప్పుకోను.

టైటిల్ ఎలా ఇవ్వాలన్నది ఈ ఆటలో ఎప్పుడూ స్థిరంగా లేదు. ఒకప్పుడు విలేఖరుల ఓట్లు, కోచ్‌ల ఓట్లు. 1997లో విలేఖరులు మాకు ఇచ్చారు, కోచ్‌లు నెబ్రాస్కాకి ఇచ్చారు. ఇద్దరూ ఛాంపియన్లే! తర్వాత కంప్యూటర్ల లెక్క వచ్చింది. 2014లో నాలుగు జట్ల ప్లేఆఫ్, పోయినేడు పన్నెండు జట్లు. పాత నాలుగు జట్ల పద్ధతే ఉండి ఉంటే మాతో ఓడిన మీవాళ్లు ఇంట్లోనే కూర్చునేవాళ్లు. రేపు పదహారు చేస్తారో, ఇరవైనాలుగు చేస్తారో. మన బిగ్ టెన్‌లో పది జట్లు ఎప్పుడో పోయి ఇప్పుడు పద్దెనిమిది ఉన్నాయి. లాస్ ఏంజిలస్ నుంచి కూడా విమానం ఎక్కి వస్తున్నారు. టైటిల్ నియమాలు రాసేది టీవీ కంపెనీలు, కమిటీలు. మన మ్యాచ్ మాత్రం నవంబరు చివర్లో, మూడు గంటల దూరంలో ఉన్న రెండు ఊళ్ల మధ్య, అలాగే ఉంది.

ఇంకో మాట. మా జట్టుని ఓడించినప్పుడే మీ ఆటగాళ్లకి బంగారు నిక్కరు ఆకారంలో చిన్న లాకెట్ ఇస్తారు. 1934లో మొదలైన అలవాటు. మిషిగన్ వాళ్లు కూడా మనలాగే ఒక కాలు తర్వాత ఒక కాలు పెట్టి నిక్కరు తొడుక్కుంటారని అప్పటి కోచ్ ఫ్రాన్సిస్ ష్మిట్ అన్న మాట నుంచి పుట్టింది. 2021, 2022, 2023, 2024 నాలుగేళ్లూ మేమే గెలిచాం. అంటే నాలుగేళ్లు చదివి, జాతీయ ఛాంపియన్ ఉంగరం వేలికి పెట్టుకుని బయటికి పోయిన మీ సీనియర్ల దగ్గర ఆ లాకెట్ మాత్రం లేదు. దాని గురించి వాళ్లనే అడిగి చూడు. ఆ మ్యాచ్‌కి విలువ ఉందో లేదో వాళ్ల మొహమే చెబుతుంది.

అయితే మమ్మల్ని దేవుళ్లని అనుకోకు. మా సిబ్బందిలో ఒకడు ఎదుటి జట్ల మ్యాచ్‌లకి ముందుగానే మనుషుల్ని పంపి వాళ్ల సైగల్ని ఫోన్లలో తీయించిన వ్యవహారం మీద కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ పోయిన వారమే తీర్పిచ్చింది. కోట్ల డాలర్ల జరిమానా. మా కోచ్ ఈ సీజన్లో రెండు మ్యాచ్‌లు బయట కూర్చుంటాడు. 2023 టైటిల్ మాత్రం మాదగ్గరే ఉంది. నీ క్లాసులో ఎవరైనా "దొంగలు" అంటే నువ్వు నన్ను సమర్థించక్కర్లేదు. నేనూ సమర్థించను.

డబ్బు సంగతి కూడా తెలిసే ఉండాలి. కోర్టు ఒప్పందం ప్రకారం ఈ జులై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, ఏడాదికి ఒక్కో స్కూలు సుమారు రెండు కోట్ల అయిదు లక్షల డాలర్ల దాకా. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో కుర్రాళ్లు ఏటా స్కూళ్లు మారుతున్నారు. మీకు టైటిల్ తెచ్చిన క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ కూడా కేన్సస్ స్టేట్ నుంచి వచ్చినవాడే. పాతకాలం వాళ్లు దీన్ని చూసి ఏడుస్తున్నారు. నాకు ఆ ఏడుపు అర్థం కాదు. లక్షమంది టికెట్లు కొని చూసే ఆట ఆడినవాడికి నాలుగు డబ్బులు దక్కితే ఎవరి సొమ్ము పోయింది? కోచ్‌లకి కోట్లు ఇచ్చినప్పుడు ఎవరూ ఏడవలేదు. అభిమానిగా నీ ప్రేమ ఆటగాడి పేరు మీద కన్నా చొక్కా మీద పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక కొన్ని ఇంటి మాటలు. మిషిగన్‌తో మ్యాచ్ ఉన్న వారం వచ్చినప్పుడు మీ క్యాంపస్‌లో బోర్డుల మీద ఎమ్ అక్షరం కనబడిన చోటల్లా ఎర్ర టేపుతో కొట్టేస్తారు. సరదాగా చూడు, నీ డిపార్ట్‌మెంటు బోర్డు మీద నువ్వే టేపు వెయ్యి, నాకేం అభ్యంతరం లేదు. రాత్రి వీధుల్లోకి మాత్రం పోకు. 2002లో మమ్మల్ని ఓడించి గెలిచిన రాత్రే మీ క్యాంపస్ పక్కన కార్లు తగలబెట్టారు. ఓడితే బాధతో, గెలిస్తే సంతోషంతో, తగలబెట్టేవాడికి కారణం ఏదైనా ఒకటే. నువ్వు ఎఫ్-1 వీసా మీద ఉన్నావు. స్థానికుడు ఒక రాత్రి స్టేషన్లో కూర్చుని పొద్దున్నే ఇంటికి పోతాడు. నీ పేరు పోలీసు కాగితం ఎక్కితే అది వీసా దాకా పోతుంది. మైదానంలోకి దూకే గుంపులో నువ్వు ఉండకూడదు. మ్యాచ్ ముందు స్టేడియం బయట పెట్టుకునే విందుకి, అంటే టెయిల్‌గేట్‌కి, ఎవరైనా పిలిస్తే వెళ్లు, తిను, అపరిచితుడు చేతిలో పెట్టిన గ్లాసు మాత్రం తాగకు. మ్యాచ్ పోయిన రోజు రూమ్మేట్‌తో వాదన పెట్టుకోకు. అద్దె వాటా అడగడం కూడా సోమవారానికి వాయిదా వెయ్యి.

 

మీరు మా మైదానానికి వచ్చేది ఈ నవంబరు 29, శనివారం. 27న థాంక్స్‌గివింగ్. బుధవారం సాయంత్రమే బయల్దేరి వచ్చెయ్. మంచు పడొచ్చు కాబట్టి మందపాటి కోటు, బూట్లు కొనుక్కుని రా, డబ్బులు తక్కువైతే నాకు చెప్పు. నీ ఎర్ర టీషర్టు వేసుకునే రా. మా ఇంట్లో టీవీ ముందు ఆ రోజు నువ్వొక్కడివే ఎర్రచొక్కా, మిగతా అందరం నీలం. పులిహోర, గోంగూర మాంసం నేను చేస్తాను. గెలుపోటములతో పని లేకుండా నీకు రెండు డబ్బాలు కట్టిస్తాను.

మీ పిన్ని