విజయవాడ దర్శనం

పామర్రు ప్రాంతపు విద్యార్థి విజయవాడలో మొట్టమొదట దర్శించవలసినది ప్రకాశం బ్యారేజీ. అంగళ్ళు, సినిమాహాళ్ళు చూచి మరలివచ్చినవారు ఆ నగరాన్ని చూచినట్లు కాదు. మన పొలాలను తడిపే నీరు కాలువలలోనికి మళ్ళేది ఇక్కడనే. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండిపడగా, 1957 నాటికి ఈ బ్యారేజీ నిర్మితమైంది. నేడు పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా తరలివచ్చే గోదావరి జలం కూడా దీనికి ఎగువన కృష్ణలో కలుస్తున్నది.

బ్యారేజీపై నిలిచినవారికి ఇంద్రకీలాద్రి, దానిపై కనకదుర్గమ్మ ఆలయం కనులపండువగా గోచరిస్తాయి. ఆవలి గట్టున ఉండవల్లిలో కొండను తొలిచి మలచిన నాలుగంతస్తుల గుహాలయం ఉంది. అందులో శయనించిన అనంతపద్మనాభుని శిలారూపం చూపరులను ముగ్ధులను చేస్తుంది.

తిరుగుప్రయాణంలో బందరు రోడ్డు వెంట కాలువను గమనించండి. దాని పుట్టుక చూచినవారు ఒక్క చుక్క నీటినైనా వృథా చేయలేరు.